జ్యూరీ గదికి కాపలా

నేను కోర్టు బంట్రోతుగా పనిచేసింది ఒక్క పూటే. అదీ మస్కట్‌లో. బీఎల్ చదివి, కాకినాడ కోర్టు వరండాల్లో సీనియరు గారి ఫైళ్ళు మోసి మోసి, చివరికి ఎడారి దేశంలో ఒక తరగతి గది తలుపుకి కాపలా కాశాను. ఇప్పటి లా కాలేజీ పిల్లలు వచ్చి "మీ సర్వీసులో పెద్ద కేసు ఏది సార్?" అని అడిగితే, ఫలానా పోర్టు కాంట్రాక్టు కేసనో ఫలానా ఓడ కేసనో చెబుతానని ఆశగా చూస్తారు. నేను ఈ కాపలా సంగతి చెబుతాను. ఉత్తుత్తి కేసేగా అని పెదవి విరవకండి. కాస్త ఓపిక పట్టండి.

అవి డెబ్భైల చివరి రోజులు. మస్కట్ పక్కనే రువీలో ఎటు చూసినా సిమెంటు ధూళి, కడుతున్న గోడలు. మా ఆఫీసు పాత రేవు వైపు, మత్రాలో ఒక బట్టల కొట్టు పైన. ఆఫీసు నడిపేది ఒక అమెరికా లాయరు. పొడుగ్గా, ఎండకి ఎర్రగా కందిపోయిన ముక్కుతో ఉండేవాడు. మహా ఓపికమంతుడు. కానీ పద్ధతి తప్పితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. టీ కప్పు పక్కన ఫైలు పెట్టినా "ప్రొసీజర్, ప్రొసీజర్" అనేవాడు. నేను ఆయన దగ్గర లీగల్ అసిస్టెంటుని. అంటే డ్రాఫ్టులు రాయడం, ఉర్దూ వచ్చినవాళ్ళతో మాట్లాడటం, ఏసీ ఆగిపోతే మెకానిక్కుని పట్టుకురావడం.

ఆ రోజుల్లో అమెరికా కంపెనీలు ఒమన్‌కి వరసకట్టి వస్తున్నాయి. వాళ్ళ కాంట్రాక్టుల్లో ఒక షరతు ఉండేది: తగాదా వస్తే అమెరికా కోర్టులో, అమెరికా చట్టం ప్రకారం తేల్చుకోవాలి. సంతకం పెట్టాల్సిన ఇక్కడి పెద్దలు అడిగారు, "ఆ కోర్టు ఎలా ఉంటుందో తెలియకుండా ఎలా ఒప్పుకుంటాం?" అని. న్యాయంగానే అడిగారు. దాంతో ప్రభుత్వంలో న్యాయం పని చూసే కొందరికి అమెరికా పద్ధతి నేర్పే క్లాసులు మా లాయరు మొదలుపెట్టాడు. ఒక బడిలో హాలు ఇచ్చారు. వచ్చినవాళ్ళలో ఈజిప్టువాళ్ళు ఉన్నారు, జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన ఒమనీలు ఉన్నారు, చురకత్తిలాంటి ఒక సూడాన్ లాయరు ఉన్నాడు. ఆ సూడాన్ ఆయనే మా లాయరు ఇంగ్లీషుని అరబీలోకి మార్చేవాడు.

అందరికంటే ముందు వరసలో ఒక ముసలి ఖాజీ కూర్చునేవాడు. మనకి నిఖా చేయించే ఖాజీ తెలుసు. అక్కడ ఖాజీ అంటే అసలు సిసలు జడ్జి. లోపలి కొండ ఊళ్ళలో ఏళ్ళ తరబడి తీర్పులు చెప్పినవాడు. తెల్లటి గడ్డం, నడుముకి వెండి పిడి కత్తి, చేతిలో సన్నటి కర్ర. ఆయన్ని ఎవరూ రమ్మనలేదట. వినాలనిపించి వచ్చాడట.

మొదటి క్లాసు నాకు బాగా గుర్తు. మా లాయరు నల్లబల్ల మీద బొమ్మ గీసి, "జడ్జి ఇక్కడ కూర్చుంటాడు, లాయర్లు ఇక్కడ, ఈ పన్నెండుమంది జ్యూరీ" అన్నాడు.

ఖాజీగారు అడిగాడు, "జడ్జి ఏం చేస్తాడు?"

"వింటాడు."

"ప్రశ్నలు?"

"లాయర్లు అడుగుతారు."

"తీర్పు?"

"జ్యూరీ చెబుతుంది."

"ఆ పన్నెండుమందీ చట్టం చదివారా?"

"లేదు. చదవకూడదు కూడా."

ఖాజీగారు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "చదివినవాడు నోరు మూసుకుని కూర్చుంటాడు. చదవనివాళ్ళు తీర్పు చెబుతారు. అంతేనా?" అన్నాడు. ఇది ఇంగ్లీషులోకి మార్చడానికి సూడాన్ ఆయన మొహమాటపడ్డాడు. మార్చాక మా లాయరు ఎగిరి గంతేసి, "అంతే! సరిగ్గా అంతే!" అన్నాడు. హాలంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది. మన దగ్గర జ్యూరీ ఎత్తేసిన తరవాత ప్లీడరీలోకి వచ్చినవాణ్ణి నేను. దాని సంగతి సీనియర్ల నోట వినడమే గానీ కళ్ళతో చూసింది లేదు.

నోటితో చెబితే వీళ్ళకి ఎక్కదని, ఒక ఉత్తుత్తి విచారణ పెట్టాలన్నాడు మా లాయరు. కథ ఆయనే రాశాడు. కట్టుబడి పనివాడు ఒకడు పరంజా విరిగి పడతాడు. తప్పు కంపెనీదా, వాడిదా? ఖాజీగారు జడ్జి. సూడాన్ ఆయన కంపెనీ లాయరు. ఒక ఈజిప్టు ఆయన పనివాడి లాయరు. జ్యూరీకి పన్నెండుమంది మామూలు మనుషుల్ని, దెబ్బతిన్న పనివాడి వేషానికి ఒకణ్ణి పట్టుకురావడం నా డ్యూటీ.

మనుషులు కావాలంటే నాకు తెలిసిన దిక్కు ఒక్కటే. మత్రాలో ఆస్పత్రిలో పనిచేసే మన నర్సమ్మ. నరసాపురం వైపు క్రైస్తవుల ఇంటి పిల్ల. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మస్కట్‌లో ఏ తెలుగువాడికి జ్వరమొచ్చినా ఆవిడకి తెలియాల్సిందే.

"ఆయ్, అంతేనా అన్నయ్యగారూ!" అంది. "జ్యూరీలో నేనూ కూర్చుంటాను. మిగతావాళ్ళని నేనే పోగేస్తాను. ఆ దెబ్బతిన్నవాడి వేషానికి కూడా మీరేం ఎతకద్దు. నా దగ్గర ఒకడున్నాడు. ఎలా చేత్తాడో మీరే చూద్దురుగాని."

అప్పుడు నాకు తెలియనిది మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఆవిడ తెచ్చినవాడు నటుడూ కాదు, ఏమీ కాదు. నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన తాపీ మేస్త్రి. నిజంగానే సైట్‌లో చెక్క విరిగి పడ్డాడు. కాలి ఎముక వంకరగా అతుక్కుంది. మళ్ళీ ఆపరేషన్ చేసి సరిచేస్తే మామూలుగా నడుస్తాడని డాక్టరు చెప్పాడు. చేయడానికి సిద్ధంగానూ ఉన్నాడు. కానీ కంపెనీ ఒప్పుకుని ఆస్పత్రి కాగితం మీద ముద్ర వేయాలి. కంపెనీ వేయనంది. పనికి పనికిరానివాణ్ణి ఉంచుకోలేమంటూ శనివారం బొంబాయి ప్లేన్‌కి టికెట్టు తీసింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే. నర్సమ్మ వెళ్ళి బతిమాలింది, పోట్లాడింది, గేటు బయటే నిలబెట్టారు. ఇంటికెళ్ళి ఆపరేషన్ చేయించుకునే స్తోమత వాడికి లేదు. కుంటికాలితో పరంజా ఎక్కనిచ్చే గుత్తేదారు ఎక్కడా లేడు. మా విచారణ గురువారం పెట్టుకున్నాం.

గురువారం పొద్దున హాలు నిండిపోయింది. నర్సమ్మ తెచ్చిన జ్యూరీని చూసి మా లాయరు మురిసిపోయాడు. మత్రా బజారు గుజరాతీ సేటు, బలూచీ డ్రైవరు, మలయాళీ టైపిస్టు, జాంజిబార్ నుంచి వచ్చిన ఒమనీ పంతులు, కరీంనగర్ కూలీలు కొందరు, ఇంకా అలాంటివాళ్ళే. "నా ఊళ్ళో కూడా ఇంత మంచి జ్యూరీ దొరకదు" అన్నాడు. వాళ్ళంతా కలిసి నర్సమ్మని జ్యూరీకి పెద్దగా ఎన్నుకున్నారు. ఎన్నుకోకపోతే ఊరుకునేలా ఉందా ఆవిడ?

మేస్త్రి కర్ర ఊతంతో వచ్చి కూర్చున్నాడు. జ్యూరీలో ఎక్కువమందికి అర్థమవ్వాలని వాడు ఉర్దూలో చెప్పేది నేను ఇంగ్లీషులో చెప్పాలి, దాన్ని అరబీలోకి మార్చడానికి ఇంకొకాయన. మొదట్లో వాడు నేను నేర్పిన మాటలే పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మధ్యలో ఖాజీగారు ఆగలేక, "కంపెనీ మనిషి ఏడీ? ప్రమాణం చేస్తాడా?" అని అడిగేశాడు. మా లాయరు లేచి, "జడ్జిగారు అడగకూడదు" అన్నాడు. ఖాజీగారు నిట్టూర్చి కర్ర మీద గడ్డం ఆనించాడు.

తరవాత సూడాన్ ఆయన లేచాడు. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఆయనకి పండగ. కథలో రాసుకున్న ప్రశ్నే అడిగాడు. "నువ్వు ఆ రోజు తాగి ఉన్నావు. అవునా కాదా?"

మేస్త్రి మొహం మారిపోయింది. ఉర్దూ వదిలేశాడు. నా వైపు తిరిగి తెలుగులో అందుకున్నాడు.

"నేను తాగిన్నా? ఎవడన్నడు సారు? మా అవ్వ మీద ఒట్టు, నేను ముట్టనే ముట్ట. చెక్క పుచ్చిపోయింది, మార్చుండ్రి అని పొద్దుగాలనే చెప్పిన. కామ్ కరో, బాత్ నక్కో అన్నడు ఫోర్‌మన్. ఎక్కిన. ఇరిగింది. గంతే! ఇప్పుడు శనివారం నన్ను ప్లేన్ ఎక్కిస్తరట. కుంటోడు గోడెట్ల కడ్తడు సారు? నా పోరగాండ్లు ఏం తినాలె?"

కళ్ళ నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. మా కథలో శనివారమూ లేదు, ప్లేనూ లేదు. జ్యూరీ వైపు చూశాను. నర్సమ్మ పైకప్పు వైపు చూస్తోంది, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు. అప్పటికి అర్థమైంది నాకు. అయినా వాడు చెప్పినదంతా ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. మా లాయరు నా చెవిలో, "అద్భుతం! ఎక్కడ దొరికాడయ్యా ఈ నటుడు?" అన్నాడు. సూడాన్ ఆయన మాత్రం రెండో ప్రశ్న అడగలేదు. మేస్త్రి మొహంలోకి చూసి కూర్చుండిపోయాడు.

జ్యూరీ లేచి పక్క తరగతి గదిలోకి వెళ్ళింది. ఈ సందులో మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను.

"ఏవయ్యా, ఆ శనివారం సంగతి నిజమేనా?"

"నిజం గాకపోతే గింతమంది ముందర నేనెందుకేడుస్త సారు?"

మా లాయరుకి చెప్దామని వెళ్ళాను. ఆయన బల్ల దగ్గర నిలబడి జ్యూరీ గది ఎంత పవిత్రమో క్లాసుకి వివరిస్తున్నాడు. ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, ఉత్తరం పంపకూడదు, ఆఖరికి జడ్జి కూడా తలుపు దాటకూడదు. "సార్, ఒక్క మాట" అన్నాను. "తరవాత. నువ్వు బెయిలిఫ్‌వి. తలుపు దగ్గర నిలబడు" అన్నాడు. వెళ్ళి నిలబడ్డాను. బెయిలిఫ్ అంటే మన కోర్టులో డవాలీ బంట్రోతన్నమాట. లోపల నర్సమ్మ గొంతు ఖంగుమంటోంది. తీర్పు గురించి కాదు వాళ్ళ వాదన. శనివారం ప్లేన్ ఎలా ఆపాలని.

ఇంతలో వరండాలో చెప్పుల చప్పుడు. చూద్దును గదా, ఖాజీగారు! ఒక చేతిలో కహ్వా, అంటే అక్కడి కాఫీ, నింపిన ఇత్తడి కూజా, రెండో చేతిలో చిన్న చిన్న కప్పుల దొంతర. ఆయన వెనక సూడాన్ ఆయన ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని నా వైపు ఏమీ ఎరగనట్టు చూస్తున్నాడు.

విషయం ఏమిటంటే, ఖాజీగారి బాధ వేరు. పన్నెండుమందిని పిలిచారు, గదిలో పెట్టి తలుపేశారు, గుక్కెడు కహ్వా ఇచ్చినవాడు లేడు. ఆ దేశంలో శత్రువు గుమ్మం తొక్కినా ముందు కహ్వా, తరవాతే మాట. జ్యూరీ రూలు విన్నాడు, బుర్ర ఊపాడు, కానీ ఆ రూలు కహ్వాకి కూడా వర్తిస్తుందని ఆ పెద్దాయనకి తట్టనే లేదు.

ఇక నా సంగతి. జడ్జి ఎదురొస్తే లేచి, వంగి, తలుపు తీసి పక్కకి జరగడమే మా కాకినాడ కోర్టులో నేర్చుకున్న మొదటి విద్య. జడ్జిని ఆపి "లోపలికి వీల్లేదు" అనే గుండె మా వంశంలో ఎవరికీ లేదు. తరవాత మా లాయరు నిలదీస్తే ఈ సంజాయిషీయే చెప్పాను. మీ దగ్గర దాపరికం ఎందుకు? చెయ్యి గడియ మీద పడ్డప్పుడు నాకు కాకినాడ గుర్తు రాలేదు. ఆ మేస్త్రి ఏడుపు మొహం గుర్తొచ్చింది. తలుపు బార్లా తీశాను.

ఖాజీగారు లోపలికి వెళ్ళి తన చేత్తోనే కప్పులు నింపాడు. చాలనుకుంటే కప్పు కాస్త ఊపి ఇవ్వాలి. కరీంనగర్ కూలీ ఒకడికి ఆ సంగతి తెలీదు. పెద్దాయన పోస్తుంటే వద్దంటే తప్పేమోనని గటగటా తాగుతూనే ఉన్నాడు, పెద్దాయన పోస్తూనే ఉన్నాడు. చివరికి బలూచీ డ్రైవరు వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ నవ్వుల మధ్య నర్సమ్మ లేచి నిలబడింది.

"బాబూ, ఇది నాటకం కాదు" అంది ఉర్దూలో. జాంజిబార్ పంతులు అరబీలో చెబుతుంటే, కాలు సంగతి, ఆపరేషన్ సంగతి, ముద్ర సంగతి, శనివారం సంగతి, అన్నీ వరసగా చెప్పేసింది. ఖాజీగారు నేలచూపులు చూస్తూ విన్నాడు. కూజా కింద పెట్టాడు. లేచి హాల్లోకి నడిచాడు.

సరిగ్గా అప్పుడే మా లాయరు తిరిగి చూశాడు. జ్యూరీ గదిలోంచి జడ్జి బయటికి వస్తున్నాడు! ఆ మొహం చూడాలి మీరు. "మిస్ట్రయల్!" అని కేక పెట్టాడు. ఆ కోపంలోనూ గురువు గురువే. బల్ల మీద ఆ మాట రాసి, గీత గీసి, క్లాసుకి బోధించాడు. జడ్జి జ్యూరీ గదిలో అడుగుపెడితే విచారణ మొత్తం రద్దు. కొత్త జ్యూరీ, కొత్త విచారణ, మళ్ళీ మొదటినుంచి.

"మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు ఖాజీగారు.

"వచ్చే వారం."

"ఈ మనిషి శనివారం ప్లేన్‌లో ఉంటాడు."

సూడాన్ ఆయన ఆ మాట ఇంగ్లీషులో చాలా నెమ్మదిగా చెప్పాడు. మా లాయరు ముందు నా వైపు, తరవాత మేస్త్రి కాలి వైపు చూశాడు. చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఇది క్లాసు, నిజం కేసు కలపకూడదు అని ఏదో మొదలుపెట్టాడు గానీ, మాట పూర్తి చేయలేకపోయాడు. పాపం, ఆయన మంచివాడండీ.

"ఆ కంపెనీ పెద్దని పిలవండి" అన్నాడు ఖాజీగారు. "ఇద్దరూ నా ఎదురుగా కూర్చోవాలి."

ఎవరు వెళ్ళాలా అని అందరూ మొహాలు చూసుకుంటుంటే, మా లాయరే కారు తాళాలు తీశాడు. నన్ను ఎక్కమన్నాడు. రువీలో కంపెనీ గేటు కనబడుతుండగా అడిగాడు, "నీకు ముందే తెలుసా?"

"తెలీదు సార్. సిస్టర్‌కి తెలుసు."

"అంటే సాక్షిని ఆవిడే తెచ్చింది, జ్యూరీని ఆవిడే పోగేసింది, జ్యూరీకి పెద్ద కూడా ఆవిడే అయింది!" స్టీరింగు మీద కొట్టి పగలబడి నవ్వాడు. "మా దేశంలో అయితే ఆవిణ్ణి జైల్లో పెడతారు." నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, టై బిగించుకుని, గేటు దగ్గర ఎవరు ఆపినా ఆగకుండా తిన్నగా మేనేజరు గదిలోకి నడిచాడు. ఆ మేనేజరు మనవాడే, బొంబాయి మనిషి. నర్సమ్మని గేటు దాటనివ్వనివాడు, అమెరికా సూటు చూసేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "జడ్జిగారు పిలుస్తున్నారు" అని మాత్రం చెప్పాడు మా లాయరు. అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

హాల్లో బల్లలు పక్కకి జరిపి చాప పరిచారు. ఖాజీగారు చాప మీదే కూర్చున్నాడు, మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, కాలు చాపుకోమన్నాడు. మేనేజరు చుట్టూ చూసి ఇబ్బందిగా నవ్వాడు. "సాబ్, ఇదేదో క్లాసు కోసం నాటకమని విన్నానే?"

"నాటకం ఖలాస్" అన్నాడు ఖాజీగారు. "నువ్వు కూర్చో."

మేనేజరు కూర్చుని అందుకున్నాడు. ఒప్పందంలో ఉంది, పని చేయలేనివాణ్ణి తిప్పి పంపే హక్కు మాకుంది, టికెట్టు కూడా మేమే కొన్నాం, ఇలా గుక్క తిప్పుకోకుండా. ఖాజీగారు అడ్డు రాలేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగాడు.

"బొంబాయి నుంచి ఇతన్ని తెచ్చుకున్నప్పుడు, నడిచి వచ్చాడా, మోసుకొచ్చారా?"

"నడిచే వచ్చాడు."

"అయితే నడిపించే పంపు."

మేనేజరు సాయం కోసం మా లాయరు వైపు చూశాడు. మా లాయరు చేతులు కట్టుకుని, "నడవకపోతే ఈ మనిషి తరఫున నేనే అర్జీ రాస్తాను, ఫీజు లేకుండా" అన్నాడు. అప్పుడు మేనేజరు గోడ వైపు చూశాడు. జ్యూరీలో ఒక్కడూ ఇంటికి పోలేదు. పన్నెండుమందీ వరసగా నిలబడి అతన్నే చూస్తున్నారు. ముందు నర్సమ్మ. ఆవిడ బ్యాగులోంచి ఆస్పత్రి కాగితం తీసి, కలం మూత కూడా తీసి పట్టుకుంది.

"ముద్ర ఆఫీసులో ఉంది" అని గొణిగాడు మేనేజరు.

"నేను కూడా వత్తాను పదండి" అంది నర్సమ్మ.

ఆపరేషన్ ఇక్కడే చేయించాలి, నయమయ్యేదాకా ఉంచుకోవాలి, టికెట్టు రద్దు. ఈ మాటలు మేనేజరు చేత అందరి ముందూ పైకి అనిపించాడు ఖాజీగారు. గోడ వారగా ఉన్నవాళ్ళని చూపించి, "వీళ్ళు సాక్షులు" అన్నాడు. జ్యూరీ వేరు, సాక్షి వేరు, రెండూ ఒకరే కాకూడదు అని నా పక్కన మా లాయరు సణుగుతున్నాడు. సణుగుడే గానీ మొహం మతాబాలా వెలిగిపోతోంది.

వెళ్ళేముందు ఖాజీగారు మా లాయరు చెయ్యి పట్టుకుని చెప్పిన మాట సూడాన్ ఆయన నాకు తరవాత చెప్పాడు. "నీ పన్నెండుమంది నాకు నచ్చారు. నేనొక్కణ్ణే విని ఉంటే ఇతను నాతో ఇంత చెప్పేవాడు కాదు. కానీ వాళ్ళని గదిలో పెట్టి తాళం వేయడం మాత్రం మర్యాద కాదు" అన్నాడట. ఆ తరవాతి క్లాసులో మా లాయరు కూడా ఒక సంగతి బయటపెట్టాడు. తమ దేశంలోనూ చాలా కేసులు జ్యూరీ దాకా రావట, కోర్టు వరండాలోనే రాజీ అయిపోతాయట. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని ఈజిప్టు ఆయన గొడవ పెట్టుకున్నాడు. క్లాసులు అయ్యేసరికి అందరికీ మిస్ట్రయల్ అంటే బ్రహ్మాండంగా అర్థమైంది. అమెరికా కాంట్రాక్టు వస్తే ఏ షరతు దగ్గర పెన్ను ఆపాలో కూడా అర్థమైంది. ఇంతకన్నా ఏ పంతులుకైనా ఏం కావాలి చెప్పండి?

నన్ను మాత్రం మళ్ళీ ఎన్నడూ బెయిలిఫ్‌గా పెట్టలేదు మా లాయరు.

ఆపరేషన్ జరిగింది. ఆ తరవాత ఆఫీసు పనులతో నాకూ తీరిక చిక్కలేదు. కొన్ని నెలలకి ఏదో పనిమీద రువీలో నడుస్తుంటే, కడుతున్న బిల్డింగు పైనుంచి తెలుగులో కేక వినబడింది.

"ఓ సారూ! ఇటు, ఇటు జూడు!"

తలెత్తాను. మూడో అంతస్తు పరంజా మీద మా మేస్త్రి. చేతిలో తాపీ. ఊతకర్ర లేదు, ఏమీ లేదు.

"ఓరి నీ దుంపతెగ! దిగరా బాబూ! సిస్టర్ చూస్తే ఆ రెండో కాలు ఆవిడే విరగ్గొడుతుంది!"

"సిస్టరమ్మ పొద్దుగాలనే వచ్చి పోయింది సారు. పదిమార్లు నడిపించి చూసింది. చెక్క సుత తొక్కి చూసి, అప్పుడు ఎక్కమన్నది."

అని, నేను నమ్మలేదనుకున్నాడో ఏమో, తాపీ గోడ మీద పెట్టి, ఆ పరంజా మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిన్నగా నడిచి చూపించాడు. ఎండలో నిలబడి చూస్తూ నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.